అంతరగంగ గుహలో రత్నం మామ

ఈసారి క్రిస్మస్ సెలవులకు కె.జి.ఎఫ్. పోతున్నామని చెబితే మా బడిలో అందరూ ఒకే మాట అడిగారు: మూసేసిన గనుల ఊళ్ళో చూసేందుకేముంది అని. తిరిగి వచ్చి కుంటుకుంటూ బడికి వెళ్ళేసరికి ప్రశ్నలు రెట్టింపయ్యాయి. ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక, అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది కావలి. నేను లెక్కల టీచర్ని. తిరుపతిలో బి.ఇడి. చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలో ఉన్న స్టెల్లాది కె.జి.ఎఫ్. పుట్టిల్లూ అక్కడే, మెట్టినిల్లూ అక్కడే. ప్రతి డిసెంబరులోనూ రమ్మని ఫోన్ చేసేది. ఏటా ఏదో ఒక అడ్డం. ఈ ఏడు మా అమ్మాయి హారిక పట్టుబట్టడంతో మా ఆయన కూడా కరెంటాఫీసులో సెలవు పెట్టాడు. ముగ్గురం బయలుదేరాం.

నంగలి దాటాక

తిరుపతిలో ఎక్కిన బస్సు చిత్తూరు, పలమనేరు మీదుగా వెళ్ళి నంగలి దగ్గర కర్ణాటకలోకి దిగుతుంది. బోర్డులు కన్నడంలోకి మారాయి గానీ బస్సులో మాటలు మారలేదు. నా పక్కన బైరకూరు ఆమె కూర్చుంది. ఒళ్ళో టమాటా నారు పెట్టె. కోలారు మార్కెట్లో ఒకనాడు పెట్టె ఎనిమిది వందలు పలికిన టమాటా, మరో వారం ఎనభైకి కూడా అడిగేవాళ్ళు లేక రోడ్డు మీద పోశారట. మరి మళ్ళీ నారు ఎందుకు తీసుకుపోతున్నావమ్మా అంటే, "వేసినోళ్ళకే గదమ్మా ఒకనాడు ఎనిమిది నూర్లు వచ్చేది" అంది. మా నెల్లూరు జిల్లాలో రొయ్యల చెరువుల వాళ్ళు కూడా అచ్చం ఇలాగే మాట్లాడతారు.

ముళబాగిలులో దిగి దోసె తిన్నాం. ముళబాగిలు దోసె పేరు విన్నవాళ్ళు పెద్ద అట్టు ఊహించుకుంటారు. అది అరచేతి కన్నా కొంచెం పెద్దది. మందంగా, అంచులు ఎర్రగా కాలి, మధ్యలో దూదిలా ఉంటుంది. లోపల ఎర్ర కారం పూత, ఆలుగడ్డ ముద్ద, పైన వెన్న. ముప్పై ఐదు రూపాయలు. మా ఆయన మూడు తిని, నాలుగోది చెప్పేలోగా కె.జి.ఎఫ్. బస్సు వచ్చింది. ఆ నాలుగో దోసె సంగతి ఇప్పటికీ చెబుతున్నాడు.

బేతమంగళం చెరువు గట్టు దాటాక దూరంగా బూడిదరంగు కొండలు కనిపించాయి. చెట్టూ రాయీ లేని నున్నటి కొండలు. అవి కొండలు కావు, బంగారం తీసేశాక మిగిలిన మట్టి దిబ్బలని బస్సులో ఒకాయన చెప్పాడు. సైనైడు కలిసిన మట్టి కాబట్టి ఏమీ మొలవదట. గాలి వీస్తే ఆ దుమ్ము ఊరంతా పడుతుందట.

లైను ఇంట్లో

స్టెల్లా వాళ్ళది గని కార్మికుల లైను ఇల్లు. ఒకే గోడకు అటూ ఇటూ ఇళ్ళు, రేకుల కప్పు, ముందు గది, వెనక గది, ఆపైన వాళ్ళు కట్టుకున్న వంటిల్లు. గనులు మూతపడ్డాక కూడా చాలామంది ఆ ఇళ్ళల్లోనే ఉన్నారు. ప్రతి గుమ్మం మీదా కాగితం నక్షత్రం వేలాడుతోంది. స్టెల్లా వాళ్ళ గుమ్మం మీది నక్షత్రం పక్కింటి సరోజమ్మగారు చేసింది. ఆవిడ రిటైరైన కన్నడ టీచరు, బ్రాహ్మలు. ఏటా ఆ వరసలో నాలుగైదు ఇళ్ళకు నక్షత్రాలు కట్టి ఇస్తుంది. బదులుగా ఉగాదినాడు వీళ్ళు ఆవిడకు వేపపువ్వు కోసి ఇస్తారట.

ఇంట్లో నలుగురు. స్టెల్లా, ఆమె భర్త సామ్యూల్, వాళ్ళ కూతురు జెస్సీ, సామ్యూల్ తండ్రి యేసురత్నం. ఆయన్ను స్టెల్లాలాగే నేనూ రత్నం మామ అన్నాను. డెబ్బై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి. ముప్పై ఏళ్ళు గనిలో పనిచేశాడు. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు దగ్గు వస్తుంది. చలికి మఫ్లరు చుట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. డిసెంబరులో అక్కడి చలి మా సముద్రపుటొడ్డు వాళ్ళకు లెక్క తెలియని చలి. ఉదయం తొమ్మిదిదాకా హారిక దుప్పటి వదల్లేదు.

పండుగ ముందురోజు కల్‌కల్‌లు చేశాం. మైదాపిండి, కొబ్బరిపాలు, చక్కెర కలిపి చిన్న ఉండలు చేసి, కొత్త దువ్వెన మీద వత్తి చుడితే గవ్వల్లా వస్తాయి. మేము కూడా గవ్వలు చేస్తాం గానీ బెల్లం పాకం పడతాం. మా గులాబీ పువ్వుల్ని వీళ్ళు అచ్చు మురుకులంటారు. పిండి వత్తుతూ ఉంటే ఒక సంగతి గమనించాను. సామ్యూల్ వంటింట్లోకి వచ్చి, గుమ్మంలో కూర్చున్న తండ్రికి వినబడేలాగే స్టెల్లాతో, "మామను కాఫీ తాగమను" అన్నాడు. గుమ్మంలోంచి రత్నం మామ, "వద్దని చెప్పమ్మా, ఇప్పుడే తాగినాను" అన్నాడు. మధ్యలో పది అడుగులు కూడా లేవు.

సామ్యూల్ బజారుకు వెళ్ళాక స్టెల్లా చెప్పింది. గని మూసినప్పుడు సామ్యూల్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాడట. వచ్చిన డబ్బు అప్పులకూ అక్క పెళ్ళికీ సరిపోయింది. రత్నం మామకు బెంగుళూరులో ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ పని దొరికింది. రైలులో పోయి రావడం. పన్నెండో రోజు మధ్యాహ్నానికే తిరిగి వచ్చాడు. పని మానేశానన్నాడు. ఎందుకని అడిగితే జవాబు లేదు. వేరే పనులేవీ దగ్గు మనిషికి ఇవ్వలేదు. సామ్యూల్ చదువు ఆపేసి ఫ్యాక్టరీలో చేరాడు. ఇప్పటికీ తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు.

"అప్పట్నించి వాళ్ళిద్దరికీ నేనే పోస్టాఫీసు. పదిహేనేండ్లు దాటింది సుజా. నేను పెండ్లయి వచ్చినప్పుడు ఏదో చిన్న కోపమనుకున్నాను" అంది స్టెల్లా.

నేను మళ్ళీ పిండి వత్తడం మొదలుపెట్టాను. పక్కవాళ్ళ ఇంటి సంగతి, అందులోనూ పండుగ పూట.

పండుగ రోజు

తెల్లవారుజామున ఐదింటికి చర్చిలో తెలుగు ఆరాధన. ఆ తరువాత అదే చోట తమిళం, ఆపైన ఇంగ్లీషు. తెలుగువాళ్ళు బయటికి వస్తుంటే తమిళంవాళ్ళు లోపలికి వెళుతూ గుమ్మంలోనే చేతులు కలుపుకున్నారు. మా ఊళ్ళో చర్చిలో పట్టుచీరలు ఎక్కువ. ఇక్కడ చీర మీద స్వెట్టర్లు, ముసలివాళ్ళకు కోట్లు. దొరల కాలంనాటిదని ఒకాయన తన కోటు లోపలి గుడ్డ తిప్పి మరీ చూపించాడు.

ఇంటికి వచ్చాక ఇడ్లీ, మటన్ కూర. మధ్యాహ్నం బిర్యానీ. ఇంట్లో పులియబెట్టిన ద్రాక్షరసం చిన్న గ్లాసులతో అందరికీ. మా ఆయన దాన్ని షర్బత్ అనుకుని రెండు గ్లాసులు తాగి మూడింటిదాకా నిద్రపోయాడు. అమ్మాయిలిద్దరూ లైనులో ముప్పై ఇళ్ళకు పిండివంటల పళ్ళాలు పంచి వచ్చారు. పళ్ళెం తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వరు, గుప్పెడు చక్కెర వేసి ఇస్తారు. సాయంత్రానికి స్టెల్లా ఇంట్లో రెండు కిలోల చక్కెర పోగయింది. మర్నాడు షికారుకు కట్టే పులిహోరకు తప్ప అన్నింటికీ అదే వాడింది.

అంతరగంగ

పండుగ మర్నాడు లైనులోని వాళ్ళంతా ఎటో ఒకవైపు పోతారు. కొందరు బేతమంగళం చెరువుకు, కొందరు కోటిలింగాలకు. మేము కోలారు పక్కనున్న అంతరగంగ కొండకు వ్యాను మాట్లాడుకున్నాం. రత్నం మామను జెస్సీ బతిమాలి ఎక్కించింది.

కొండ మొదట్లో మెట్లు. హారిక లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండొందల దగ్గర వదిలేసింది. పైన గుడి దగ్గర రాతి బసవన్న నోట్లోంచి సన్నటి ధారగా నీళ్ళు వస్తూనే ఉంటాయి. ఏ ఎండాకాలంలోనూ ఆగవని పూజారి తెలుగులోనే చెప్పాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ పక్కనే కూర్చుని తినబోతే కోతులు వచ్చి పులిహోర గిన్నె మూత తీసి, పులిహోర వదిలేసి, కల్‌కల్‌ల సంచీ ఎత్తుకుపోయాయి. మోకాళ్ళ నొప్పులున్న మా ఆయన మిగిలిన సామాన్లకు కాపలాగా అక్కడే ఉండిపోయాడు.

గుడి దాటి పైకి పోతే గుహలు. గుహలంటే తవ్వినవి కావు. ఏనుగులంత బండలు ఒకదాని మీద ఒకటి పడి, వాటి మధ్య మిగిలిన సందులు. ఒకచోట దూరితే ఇంకోచోట తేలతాం. దారి చూపించే మనుషులు దొరుకుతారు గానీ, చిన్నప్పటినుంచి వస్తున్న చోటే కదా అని సామ్యూల్ వద్దన్నాడు. రత్నం మామ మాతోపాటు గుహ నోటిదాకా వచ్చాడు. అక్కడ ఒక బండ మీద కూర్చుని, "నేను రాను, మీరు పోయి రాండి" అన్నాడు. దగ్గు మనిషి గదా అనుకున్నాం.

ముందు టార్చితో సామ్యూల్, వెనక అమ్మాయిలిద్దరూ, తరువాత స్టెల్లా, చివర నేను. కొంతదూరం వంగి నడిచాం. తరువాత పాకాం. ఒకచోట రెండు బండల మధ్య ఏటవాలుగా పక్కకు ఒరిగి జారాలి. స్టెల్లా జారింది. నేనూ జారాను. సగంలో కుడికాలు కింద ఏదో పగులులోకి దిగిపోయింది, మోకాలిదాకా. చేతిలో ఫోను జారి ఎక్కడో పడి ఆరిపోయింది. కాలు లాగాను. రాలేదు. ఒళ్ళంతా ఏటవాలు బండ మీద బోర్లా ఉంది. వీపుకు జానెడు పైన ఇంకో బండ. లేవడానికి లేదు, ముందుకు పోవడానికి లేదు.

మొదట నవ్వొచ్చింది. తరువాత నాలుగైదుసార్లు లాగి చూసి, నవ్వు ఆగిపోయింది.

కింద నుంచి స్టెల్లా చెయ్యి నాకు అందడం లేదు. సందు మొత్తం నా ఒంటితో మూసుకుపోయింది కాబట్టి సామ్యూల్ నన్ను దాటి రాలేడు. అవతలివైపు తేలి, కొండ చుట్టి మళ్ళీ మొదటి నోటి దగ్గరకు రావాలి. అరగంట పడుతుందన్నాడు. అమ్మాయిల్ని తీసుకుని పరుగెత్తాడు. స్టెల్లా మాత్రం అక్కడే ఉండి, "మామా" అని గట్టిగా పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు పైనుంచి గొంతు వినబడింది.

"ఎవురమ్మా ఇరుక్కునింది?"

"నేను మామా, సుజాతను."

"లాగద్దు. లాగితే వాస్తాది, వాస్తే ఇంగ రాదు. నేను వస్తాండాను."

ఆ తరువాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. పెద్దాయన మనుషుల కోసం కిందికి పోయి ఉంటాడనుకున్నాను. కాసేపటికి రాతి మీద గుండీలు గీసుకుంటున్న శబ్దం, ఊపిరి పిల్లనగ్రోవిలా సన్నగా మోగడం వినబడ్డాయి. ఆయన తల ముందుగా పాకుతూ వచ్చి నా భుజం దగ్గర ఆగాడు. చీకట్లో మనిషి కనబడడం లేదు, అమృతాంజనం వాసన తెలుస్తోంది.

"మాట్లాడతా ఉండమ్మా" అన్నాడు.

"నాకేం కాలేదు మామా, భయం లేదు" అన్నాను, అబద్ధమే.

"నీ కోసరం కాదు. నా కోసరం మాట్లాడు. ఏదైనా చెప్పు."

ఏం చెప్పాలో తెలియక చేపల పులుసు చెప్పాను. మా నెల్లూరు పులుసు. చింతపండు రసం తీయడం, మెంతులు వేయించడం, మట్టిదాకలో కాచడం. చెబుతూ ఉంటే ఆయన చెయ్యి నా తొడ పక్కనుంచి కిందికి, మోకాలి దగ్గరకు, ఇంకా కిందికి, ఆ పగులులోకి దిగింది. నా చెయ్యి పట్టని సందులో ఆయన చెయ్యి పట్టింది. అంత సన్నం. మధ్యలో దగ్గు వచ్చి ఆగిపోయాడు. నేనూ ఆగాను.

"మామిడికాయ ఎప్పుడు వేస్తారు, ముందరా, చేపలు వేసినంక?" అని అడిగాడు.

"చేపలు ఉడికేటప్పుడు మామా."

"కాలు ఇరుక్కోలేదమ్మా. బూటు ఇరుక్కునింది."

లేసు ముడి గోళ్ళతోనే విప్పాడు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ముడి వీడాక, మడమ పైకెత్తి వేళ్ళు కిందికి వంచమన్నాడు. బూటులోంచి కాలు వచ్చేసింది. చీలమండ దగ్గర చర్మం లేచిపోయిందని బయటికి వచ్చాకే తెలిసింది. ఆయన వెనక్కి వెనక్కి పాకుతూ, నా చేతులు పట్టుకుని, "బండను తోయద్దు, బండ మీద వాలు" అంటూ ఒక్కొక్క అడుగూ లాగాడు.

వెలుతురులోకి వచ్చాక చూశాను. ఆయన చొక్కా ముందుభాగం చిరిగిపోయింది. బండకు ఆనుకుని వంగి చాలాసేపు దగ్గాడు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. అంతకన్నా చేయగలిగింది నాకేమీ లేదు.

సామ్యూల్ చెప్పింది

సామ్యూల్ రొప్పుతూ వచ్చేసరికి మేమిద్దరం అలా కూర్చుని ఉన్నాం. అతను నా కాలు చూడలేదు. తండ్రినే చూశాడు.

"నువ్వు లోపలికి పోయినావా, నాయనా?"

ఆ ఇంట్లో మూడు రోజులుగా ఉన్నాను. అతను తండ్రితో నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి విన్నాను. అతనికీ ఆ సంగతి తెలిసినట్టు లేదు.

"పోయినాను" అన్నాడు రత్నం మామ. ఆపైన ఎవరూ అడగకుండానే చెప్పాడు. "బెంగుళూరులో నన్ను కిందికి వేసినారురా. కార్లు నిలిపే తావు. నేల కింద రెండో అంతస్తు. పైన కారు పోయినప్పుడల్లా కప్పు ఉరిమేది. పదకొండు దినాలు నిలబడినాను. పన్నెండో దినం కాళ్ళు మెట్లు దిగలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? ముప్పై ఏండ్లు మైనులో దిగినోడు కార్లు నిలిపే గుంతకు భయపడినాడంటే నువ్వు నమ్ముతావా?"

కింద గుడి దగ్గర ఎవరో గంట కొడుతున్నారు. అప్పటికి స్టెల్లా కూడా, సామ్యూల్ అవతల ఉంచి వచ్చిన అమ్మాయిల్ని తీసుకుని కొండ చుట్టి వచ్చి, కొంచెం దూరంలోనే ఆగిపోయింది.

"నమ్ముతానో లేదో నాకు తెలీదు" అన్నాడు సామ్యూల్. "నువ్వు సోమరితనంతో మానుకున్నావనుకున్నాను. నేను చదువు నిలిపేసినాను, నాయనా."

"తెలుసురా."

అంతే మాట్లాడుకున్నారు. సామ్యూల్ తన స్వెట్టరు తీసి తండ్రికి తొడిగాడు. దిగేటప్పుడు నేను ఒంటికాలి బూటుతో స్టెల్లా భుజం పట్టుకుని దిగాను. మెట్ల దగ్గర మా ఆయన తన చెప్పు ఒకటి ఇచ్చి, తాను ఒంటి చెప్పుతో నడిచాడు. ఆ బూటు ఇంకా అక్కడే ఉంది. సెలవులకని కొత్తగా కొన్నది.

కోలారులో ఒక చిన్న ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఎముక విరగలేదు. కట్టు కట్టిన కాంపౌండరు పక్కనే ఉన్న టేకల్ ఊరి మనిషి. అంతరగంగలో కాలు ఇరికినవాళ్ళు నెలకొకరైనా వస్తారని, ఎక్కువగా కొత్త బూట్లవాళ్ళేనని చెప్పి నవ్వాడు. పక్క హోటల్లో రాగిముద్ద, ఆకుకూర ఉడికించి వార్చిన నీళ్ళతో కాచే బస్సారు తిన్నాం. ముద్దను నమలకూడదు, పులుసులో ముంచి మింగాలి. హారిక నమిలి, పళ్ళకు అతుక్కుని అవస్థపడితే పక్క బల్లమీది రైతు లేచి వచ్చి మింగి చూపించాడు. మా రాగి సంకటికీ దీనికీ తేడా ఏమిటంటే, మేము అందులో బియ్యం నూక వేస్తాం.

అనపకాయల రోజు

మర్నాడు అందరూ కోటిలింగాలు చూడటానికి కమ్మసంద్ర పోయారు. చిన్న లింగాలు, పెద్ద లింగాలు, కొండంత ఒకే లింగం, మూడు గంటలు తిరిగినా తరగలేదని హారిక చెప్పిన మాటే నేను రాయగలను. నేను కాలు పీట మీద పెట్టుకుని ఇంట్లోనే ఉండిపోయాను. రత్నం మామా ఉండిపోయాడు. సామ్యూల్ కూడా వెళ్ళలేదు. తలనొప్పి అన్నాడు.

అక్కడ డిసెంబరు అనపకాయల కాలం. రోడ్డు పొడుగునా రాశులు పోసి అమ్ముతారు. కిలో నలభై. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే ఒక్కొక్కటీ రెండు వేళ్ళమధ్య వత్తితే పైతోలు ఊడి పప్పు ఎగిరి పడుతుంది. దాన్నే పితికిపప్పు అంటారు. నేనూ రత్నం మామా గిన్నెను మధ్యలో పెట్టుకుని పితుకుతూ ఉన్నాం. నావి సగం గింజలు నేలమీదికి ఎగిరిపోతున్నాయి. ఆయనవి ఒక్కటీ తప్పడం లేదు.

కాసేపటికి సామ్యూల్ వచ్చి మాతో కూర్చుని పితకడం మొదలుపెట్టాడు. ముగ్గురం చాలా గింజలు పితికాం. పితికే పనిలో ఒక సుఖముంది, ఎవరూ ఎవరి ముఖమూ చూడక్కర్లేదు.

"నాయనా, నువ్వు పని చేసిన తావు యాడ?" అని అడిగాడు సామ్యూల్, గింజను చూస్తూనే.

"మైనులో."

"మైనులో యాడ? ఇంత దినం నాకు తెలీదు గదా."

రత్నం మామ చేతిలో ఉన్న గింజ పితికి గిన్నెలో వేశాడు. "రేపు చూపిస్తాను. మూసినారు గదా, లోపలికి పోలేము. పైనుంచి చూపిస్తాను."

పైనుంచి ఎలా చూపిస్తాడో నాకు అర్థం కాలేదు. నేనూ వస్తానన్నాను. కుంటికాలితో ఎందుకన్నారు. రత్నం మామ మాత్రం, "రానీ. నా నడక, ఆయమ్మ నడక ఒకటే" అన్నాడు.

నేలమీది దారి

అది మా చివరి రోజు. మా బస్సు పన్నెండింటికి. తొమ్మిదింటికి ముగ్గురం బయలుదేరాం. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. లైను చివర రోడ్డు దాటితే గనిలోకి దిగే షాఫ్టు గేటు. తాళం వేసి ఉంది. లోపల ఇనుప గోపురంలాంటిది, దాని మీద పెద్ద చక్రం, చక్రానికి తుప్పు. చుట్టూ సర్కారు తుమ్మ పెరిగిపోయింది. కాపలావాడు రత్నం మామను చూసి లేచి నిలబడ్డాడు.

ఆయన గేటు దగ్గర ఆగలేదు. దానికి వీపు తిప్పి నిలబడి, చెయ్యి నేలవైపు చూపించాడు. "కేజులో ఈడ్నించి దిగేది. మధ్యలో దిగి ఇంకో షాఫ్టు, దాని తర్వాత ఇంకొకటి. దిగేదానికే గంట దాటేది. అడుగుకు పోయినంక ఇట్లా నడిచేది." అని నడవడం మొదలుపెట్టాడు. మేము వెంట నడిచాం.

అది మామూలు రోడ్డు. ఇరువైపులా లైను ఇళ్ళు, నీళ్ళకోసం వరసగా బిందెలు, ఎవరో ఆరేసిన దుప్పట్లు. ఆయన మాత్రం దాని కిందున్న ఇంకో దారిలో నడుస్తున్నాడు. మునిసిపాలిటీ కొళాయి దగ్గర ఆగి, "ఈడ మలుపు. ఈడ ఎప్పుడూ నీళ్ళు కారేటివి, ఉడుకు నీళ్ళు" అన్నాడు. ఒక ఇంటి అరుగు ముందు, "ఈడ కూచుని తినేది. రాయి పట్టుకుంటే చెయ్యి కాలేది" అన్నాడు. ఆ అరుగు మీద కూర్చున్న ఆడమనిషి ఏమిటీ అన్నట్టు చూసింది. సామ్యూల్ తండ్రికి ఒక అడుగు వెనకగా నడిచాడు. ఊపిరికోసం ఆయన ఆగినప్పుడల్లా మేమూ ఆగాం.

రోడ్డు మలుపులో ఒక బేకరీ. అద్దాల పెట్టెలో పండుగకు మిగిలిన ప్లమ్ కేకులు, బన్నులు. బయట చెక్క బల్ల మీద ఇద్దరు టీ తాగుతున్నారు. రత్నం మామ దాని ముందు ఆగాడు.

"ఈడ" అన్నాడు.

మఫ్లరు సర్దుకుని చెప్పాడు.

"నేనూ మునుసామీ జోడి. డ్రిల్లు కడ్డీ మొద్దుబారింది, ఇంకోటి తెమ్మని నన్ను పంపించినాడు. నేను ఇరవై అడుగులు పోయినాను. ఎయిర్ బ్లాస్టు. రాయి దానంతటదే పగిలి పడేది, ఎవురూ చేసేది కాదు. నేను ఈ పక్క, వాడు ఆ పక్క. రెండు గంటలు వాడు నాతో మాట్లాడినాడు. ఆమీద మాట్లాడలేదు. మూడు దినాలు తవ్వినాము."

టీ తాగుతున్న ఇద్దరిలో ఒకడు గ్లాసు కింద పెట్టాడు.

"ఈ అంగట్లో నేను ఎప్పుడూ టీ తాగలేదు. నీళ్ళు కూడా తాగలేదు. వీళ్ళకేం తెలుసు, వీళ్ళమీద కోపం ఎందుకు గానీ, ఈడికి వస్తే కాళ్ళు ఆ పక్క రోడ్డుకు పోతాయి" అన్నాడు.

బేకరీ అతను, "ఏం కావాల తాతా?" అని అడిగాడు. రత్నం మామ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. సామ్యూల్ చెప్పులు విడిచి రోడ్డు పక్కన పెట్టాడు. ప్రార్థన చేస్తాడేమో అనుకున్నాను. చేయలేదు. ఉట్టి కాళ్ళతో ఆ చల్లటి తారు మీద తండ్రి పక్కన నిలబడ్డాడు. వెనక స్కూటరతను హారన్ కొట్టి, మమ్మల్ని చుట్టుకుని పోయాడు.

"ఈడ నిలిచిపోతాదా దారి?" అని అడిగాడు సామ్యూల్.

"లేదు. ఇంకా పోతాది. ఈడ్నించి అర మైలు పోతాది."

"పోదాం రా, నాయనా."

నా చీలమండ అప్పటికే కట్టు దాటి వాచింది. నేను ఇంక రాలేనని చెప్పి బేకరీ బల్ల మీద కూర్చున్నాను. వాళ్ళిద్దరూ ముందుకు పోయారు. రోడ్డు మలుపు తిరిగేదాకా కనిపించారు. రత్నం మామ పది అడుగులకొకసారి ఆగి నేలను చూపిస్తున్నాడు. సామ్యూల్ వంగి చూస్తున్నాడు, నిజంగా అక్కడ ఏదో కనబడుతున్నట్టు.

బేకరీ అతను నాకు టీ ఇచ్చాడు. ఏడు రూపాయలు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మా బస్సు తప్పిపోయింది. మూడింటి బస్సుకు బయలుదేరాం.